అక్క కాలి కొలత

కుట్టు గది, కిటికీ పక్క బల్ల
మార్చి, మొదటి ఆదివారం

చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకు. ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం, నాలుగో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డు తగలడానికి నీకు వీలుండదు.

అసలు సంగతికి వస్తాను. నాకు సైకిల్ కావాలి. సరుకుల బుట్ట తగిలించుకునేది కాదు, హ్యాండిల్ కొమ్ముల్లా కిందికి వంగి, సన్నటి టైర్లు ఉంటాయే, ఆ రోడ్డు సైకిల్. నవ్వడం అయిపోయాక మిగతాది చదువు.

ప్రతి ఆదివారం పొద్దున మా కిటికీ కింద నుంచి ఒక జట్టు వెళ్తుంది. పది పన్నెండు మంది ఉంటారు. వాళ్ళని నడిపించేది మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరమ్మ. నెల క్రితం ఆవిడ తన సైకిల్ చొక్కా వెనక జేబు ఊడిపోయిందని నా దగ్గరికి తెచ్చింది. ఆ జేబు కుట్టినవాళ్ళ చేతికి మళ్ళీ సూది ఇవ్వకూడదు. బాగుచేసి ఇస్తూ, "అంత పొద్దున్నే మీరంతా ఎక్కడికి పోతారండీ" అని అడిగాను. "మీరూ రండి, తెలుస్తుంది" అంది. యాభై రెండేళ్ళ దాన్ని, ముప్పై ఏళ్ళుగా మిషను మీద వంగి కూర్చున్నదాన్ని, వస్తానని నోరు జారాను. నాన్న సైకిల్‌ని నేను తొక్కి ఎన్నేళ్ళయిందో లెక్క వెయ్యకు, నేనూ వెయ్యలేదు.

అక్టోబరు మొదటి ఆదివారం వాళ్ళు నది మీది కొత్త వంతెన దాకా వెళ్ళి వస్తారట. రానూ పోనూ నలభై కిలోమీటర్లు. కొత్తగా చేరినవాళ్ళ వెనక, బాగా అలవాటున్న మనిషి ఒకరు దారంతా రావాలని వాళ్ళ నియమం. దరఖాస్తులో దానికొక గడి ఉంది. అందులో నీ పేరు రాశాను.

మరదలు నాకు అన్నీ చెప్పింది. కిందటేడు వర్షంలో ఆ మలుపుల వాలు మీద పడ్డావు, భుజం ఎముక అతుక్కుని కూడా ఎనిమిది నెలలైంది, ఇంతవరకు సైకిల్ ఎక్కలేదట. నీ సైకిల్ షాపులో బాగుచేసినవాటిని వీధి చుట్టూ తిప్పి చూసేది కూడా ఇప్పుడు తనేనట. ఇరవై ఏళ్ళు రోజూ తొక్కిన మనిషివి నువ్వు. నువ్వు మళ్ళీ ఎక్కితే చూడాలని నాకుంది. దాని గురించి ఇంతకంటే ఒక్క ముక్క రాయను. సైకిల్ గురించే అడుగుతున్నాను. ఏది కొనమంటావు?

నీ అక్క


షాపు, వెనక గది
మార్చి పద్నాలుగు

అక్కకి,

నమస్కారం. ఉత్తరం అందింది. నేను నవ్వలేదు. నీ మరదలు నవ్వింది.

ముందు ఆ గడిలో నా పేరు కొట్టేయించు. షాపులో పని నెత్తి మీదికి వచ్చి కూర్చుంది, తీరిక లేదు. అంతకు మించి ఏమీ లేదు. నీ మరదలి నోట్లో ఏదీ దాగదు.

ఇక సైకిల్. ఇప్పుడే ఏదీ కొనకు. మీ ఊళ్ళో రెండు మూడు షాపులకి వెళ్ళి ఊరికే ఎక్కి కూర్చో. ఎవరైనా సైకిల్‌ని ఒక వేలితో ఎత్తి "ఎంత తేలికో చూడండి మేడం" అంటే నమస్కారం పెట్టి బయటికి రా. సైకిల్‌ని నువ్వు మోయవు, అది నిన్ను మోస్తుంది. పోటీల కోసం చేసినవి వద్దు, వాటి మీద కూర్చుంటే నీ నడుము రెండో రోజే నన్ను తిడుతుంది. హ్యాండిల్ కొంచెం ఎత్తుగా ఉండేది చూడు. సన్నటి టైర్లు అన్నావు, మరీ సన్నటివి వద్దు. వేలి మందం కంటే కాస్త లావుగా ఉంటే గతుకుల్లో నీ పళ్ళు కదలవు, డాక్టరమ్మకి పని పెరగదు. గేర్లు ఎన్ని ఉన్నాయని అడగకు, అన్నిటికంటే తేలిక గేరులో ఎత్తు ఎక్కగలవా లేదా, అది చూడు.

వీటన్నిటికంటే ముందు సైజు. సైజు తప్పిన సైకిల్‌ని దేవుడు కూడా బాగుచెయ్యలేడు. నీ ఎత్తు, చెయ్యి పొడవు, లోపలి కాలి పొడవు రాసి పంపు. ఫ్రేము సైజు తేలేది ఆ లోపలి కాలి కొలత మీదే. ఎలా తీయాలో నీకు చెప్పడమేమిటి, టేపు మెడలోంచి తీయకుండా తిరిగే మనిషివి.

నీ తమ్ముడు


కుట్టు గది
ఏప్రిల్ ఆరు

చిన్నోడికి,

నువ్వు చెప్పినట్టే మూడు షాపులు తిరిగాను. మీ బావని వెంట తీసుకెళ్ళి తప్పు చేశాను. ఆయన ప్రతి షాపులోనూ కుర్చీ ఎక్కడుందా అని చూశారు తప్ప సైకిళ్ళ వైపు చూడలేదు.

మొదటి షాపులో మేనేజరు గారు సరిగ్గా నువ్వు రాసినట్టే ఒక వేలితో ఎత్తారు. నేను వెంటనే నమస్కారం పెట్టాను. పాపం, ఆయన కూడా తిరిగి పెట్టారు. రెండో షాపులో నన్ను ఎక్కించిన సైకిల్ మీద నా పొట్ట వచ్చి నా తొడల మీద పడింది. నేల తప్ప ఏమీ కనబడలేదు. "ఇలా వంగితే గాలి తక్కువ తగులుతుంది మేడం" అన్నాడాయన. గాలి తగలడానికి కాకపోతే బయటికి పోవడమెందుకు? మూడో షాపులో ఉన్నది బాగానే ఉండేదేమో. సీటు కుట్టు వంకరగా ఉంది. అది చూశాక మిగతాది చూడబుద్ధి కాలేదు.

అందుకని నీ నెత్తిన పెడుతున్నాను. నువ్వే ఒకటి బిగించి పంపించు. కొలతలు ఇవిగో. ఎత్తు నూట డెబ్బై. చెయ్యి యాభై ఎనిమిది. లోపలి కాలు డెబ్బై రెండు. అన్నీ సెంటీమీటర్లలో. నేనే తీశాను, రెండుసార్లు తీశాను. దీని మీద మళ్ళీ ప్రశ్నలు రాయకు. ముప్పై ఏళ్ళలో నా కొలత తప్పిందని ఒక్క మనిషి గడప తొక్కలేదు.

పేరు కొట్టేయించలేదు. మరిచిపోయాను.

నీ అక్క


షాపు
మే పంతొమ్మిది

అక్కకి,

నీ సైకిల్ ఇవాళ లారీకి ఎక్కించాను. స్టీలు ఫ్రేము. కొంచెం బరువే, కానీ గతుకుల రోడ్డు మీద మెత్తగా పోతుంది, నీ తర్వాత కూడా ఎవరో ఒకరు తొక్కుతారు. టైర్లు నేను చెప్పినవే. పెడళ్ళు మామూలువే పెట్టాను, బూటుకి అతుక్కునేవి మొదటి సంవత్సరం వద్దు. రంగు ముదురు ఆకుపచ్చ. రంగు గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు, నీ ఉత్తరంలో నాకు ఆశ్చర్యం వేసింది అదొక్కటే.

పెట్టెలో పెట్టేముందు నీ మరదలు వీధి చుట్టూ రెండుసార్లు తిప్పి చూసింది. "నాకు సరిగ్గా సరిపోయిందండీ, అంత పొడుగు వదినకి ఇదెలా సరిపోతుంది" అంది. కొలతలు తీసింది ఎవరో తెలుసా అని నోరు మూయించాను.

మొదటి నెల హ్యాండిల్ పై భాగమే పట్టుకో. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకు. వాన పడితే ఇంట్లో కూర్చో. ఈ ఆఖరిది రెండుసార్లు చదువు.

పేరు కొట్టేయించు.

నీ తమ్ముడు


కుట్టు గది
జూన్ ఎనిమిది

సైకిల్ షాపు యజమాని గారికి,

తమరు పంపిన సైకిల్ అందింది. రంగు బాగుంది. సీటు కుట్టు తిన్నగా ఉంది. ఇంతటితో పొగడ్తలు అయిపోయాయి.

దాని మీద నేను ఎలా ఉన్నానో తెలుసా? సర్కస్‌లో ఎలుగుబంటి తొక్కుతుందే, అలా ఉన్నాను. మోకాళ్ళు పైకి వచ్చి మోచేతులకి తగులుతున్నాయి. సీటు గొట్టాన్ని చివరిదాకా లాగాను, ఇంకా లాగితే చేతికి వస్తుంది. ఆదివారం జట్టుతో పాటు వీధి చివరదాకా పోయి వెనక్కి వచ్చేశాను. ఎవరూ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. డాక్టరమ్మ మాత్రం, "మీ తమ్ముడు మిమ్మల్ని ఎప్పుడు చూశారండీ ఆఖరుసారి" అని మెల్లిగా అడిగింది.

ఎవరి సైకిల్ ఎవరికి పంపావు? రెండు రోజులుగా మోకాలి చిప్ప ముందువైపు నొప్పి. చెయ్యి ఖాళీగా లేకపోతే చెప్పాల్సింది, పరధ్యానంలో పని చెయ్యడమెందుకు?

తమరి అక్క


షాపు
జూన్ పదిహేను

గౌరవనీయులైన దర్జీ గారికి,

ఇరవై ఏళ్ళలో నేను ఒకరి సైకిల్ ఇంకొకరికి పంపలేదు. తమరు రాసిన డెబ్బై రెండుకి ఏ ఫ్రేము రావాలో అదే వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ అంకె చూసి నేనూ తల గోక్కున్నాను. అంత పొడుగు మనిషికి కాళ్ళు అంత పొట్టివా అని. కానీ సొంత అక్కని, నీ కాళ్ళు పొట్టివా అని ఎలా అడుగుతాను? పైగా ప్రశ్నలు రాయవద్దని తమరి ఆజ్ఞ.

ఇప్పుడు అడుగుతున్నాను. టేపు ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు?

తమరి తమ్ముడు


కుట్టు గది
జూన్ ఇరవై రెండు

చిన్నోడా,

చీలమండ దగ్గర ఆపాను.

నవ్వుకో, ఈసారి నవ్వడానికి హక్కుంది నీకు. ప్యాంటు అంచు నేలకి రాసుకోకూడదని మేము కాలి కొలత చీలమండ దాకానే తీస్తాం. నా చెయ్యి ముప్పై ఏళ్ళుగా అక్కడే ఆగుతోంది. దాని కింద ఇంకా పాదం ఉందని, నిలబడేది దాని మీదేనని నాకు తట్టనే లేదు. పప్పులో కాలేశాననడానికి కూడా లేదు, కాలే పూర్తిగా లెక్కలోకి రాలేదు.

డాక్టరమ్మ చెప్పినట్టు చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని, కాళ్ళ మధ్య లావుపాటి పుస్తకం పైదాకా ఇరికించి, అక్కడినుంచి నేల దాకా కొలిచాను. ఎనభై. మీ బావ గదిలోకి వచ్చి, పుస్తకంతో గోడకి అతుక్కుని ఉన్న నన్ను చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

నిన్ను అనవసరంగా అన్నాను. పరధ్యానం అని రాశాను, అది నీకు ఎక్కడ తగిలి ఉంటుందో పోస్టులో వేశాక తెలిసింది. తప్పు నాది.

తప్పులు ఒప్పుకునే రోజు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఈ సైకిల్ పిచ్చి మొదలుపెట్టింది నీ కోసమే. ఊరికే ఎక్కు ఎక్కు అంటే నువ్వు ఎక్కవు, నాకు నేర్పాల్సి వస్తే అయినా ఎక్కుతావేమోనని. డాక్టరమ్మ రమ్మన్నది నిజమే, నేను ఒప్పుకున్నది మాత్రం నీ మొహం గుర్తొచ్చి. కానీ చిన్నోడా, ఎలుగుబంటిలా తొక్కినా సరే, ఆ రోజు వీధి చివర మలుపు తిరిగేసరికి నాకు ఏదో అయింది. ముప్పై ఏళ్ళుగా కిటికీలోంచి చూసిన వీధి ఇంత పొడుగని నాకు తెలియదు. ఇప్పుడు నా కోసం కూడా కావాలి.

నీకు ఏమైందో నాకు చెప్పవా? కోప్పడను. అడ్డు తగలను. ఉత్తరమే కదా.

అక్క


షాపు, వెనక గది
జూలై పదకొండు

అక్కా,

నీ మరదలికి నీ చీలమండ సంగతి చదివి వినిపించాను. వారం రోజులుగా కౌంటర్లో ఎవరు ఏ సైజు అడిగినా నా వైపు చూసి నవ్వుతోంది.

సరైన సైజుది బిగించాను, ఈ వారంలో వస్తుంది. రంగు అదే.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఎముక ఎప్పుడో అతుక్కుంది. చేతులే మాట వినడం లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారం, ఆదివారం మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, ఒకటి బయటికి తీసి ఎక్కాను. పది గజాలు పోయానో లేదో రెండు చేతులూ బ్రేకులు బిగించేశాయి. వదలమంటే వదలవు. చదును రోడ్డే, ఎదురుగా ఎవరూ లేరు, అయినా. ఎదురింటాయన చూసి "ఏం సార్, రిపేరా" అన్నాడు. అవునన్నాను. నడిపించుకుంటూ లోపలికి వచ్చేశాను. జనానికి సైకిళ్ళు అమ్మి బతికేవాణ్ణి, నాకు భయమేస్తోందని ఎవరికి చెప్పుకోను? నీకు చెప్పుకుంటున్నాను. సిగ్గుగా ఉంది.

కొత్తది వచ్చాక సీటు ఎత్తు సరిచూసుకోవాలి. అది అంకెలతో పూర్తిగా తేలదు. నువ్వు తొక్కుతుంటే వెనకాల ఒకరు సైకిల్ మీద వస్తూ నీ నడుము చూడాలి. నడుము ఇటూ అటూ ఊగితే సీటు ఎక్కువ ఎత్తు ఉన్నట్టు. నిలకడగా ఉంటే సరిపోయినట్టు. మీ జట్టులో ఎవరినైనా అడుగు. నేను రాలేనక్కా.

నీ తమ్ముడు


కుట్టు గది
ఆగస్టు పదిహేడు

చిన్నోడికి,

నీ ఉత్తరాన్ని ఎవరికీ చూపించలేదు, మీ బావకి కూడా. సిగ్గుపడాల్సిన మాట ఒక్కటీ లేదు అందులో. చెయ్యి కాలిన మనిషి ఇస్త్రీపెట్టె పట్టుకోవడానికి ఎన్నాళ్ళు వెనకాడుతుందో నాకు తెలుసు, నేను రెండు నెలలు వెనకాడాను. నువ్వు పడ్డది ఇస్త్రీపెట్టె మీద కాదు.

కొత్తది అద్భుతంగా ఉంది. నేను పొడుగు మనిషినని ఈ సైకిల్ మీదే నాకు మళ్ళీ గుర్తొచ్చింది. పోయిన ఆదివారం ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కాను. దిగాక సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. మిషను దగ్గర కూర్చుంటే ఇదివరకు మధ్యాహ్నానికి పట్టేసే వీపు ఇప్పుడు సాయంత్రం దాకా ఊరుకుంటోంది.

సీటు ఎత్తు మాత్రం తేలడం లేదు. డాక్టరమ్మ వెనక నుంచి చూసి ఊగుతోంది అంది. తపాలా ఉద్యోగి ఒకాయన ఉన్నారు జట్టులో, ఆయన ఊగడం లేదన్నారు. మీ బావ వీధి మలుపులో నిలబడి, నేను ఇంకా కనబడకముందే "బాగుంది, బాగుంది" అన్నారు. కుడి తుంటి కొంచెం లాగుతోంది.

నీ పేరు కొట్టేయించాను. ఈసారి మరిచిపోలేదు. ఆ గడిలో డాక్టరమ్మ తన పేరు రాసుకుంది. నీ మీద ఇప్పుడు ఏ బరువూ లేదు. నా పట్టుదలతో నిన్ను ఇబ్బంది పెట్టాను, ఆ సంగతి నీ ఉత్తరం చదివాకే అర్థమైంది.

ఇక చిన్న సైకిల్. తిరిగి పంపమని నువ్వు అడగలేదు, నేను పంపను. నీ పెళ్ళికి నేనే కదా కోటూ ప్యాంటూ కుట్టాను. నా పాత పుస్తకంలో నీ కొలత ఉంది: లోపలి కాలు అరవై నాలుగున్నర, చీలమండ దాకా. పాదానికి ఇంకో ఏడున్నర కలిపి చూశాను. సరిగ్గా డెబ్బై రెండు. నువ్వు నా కోసం బిగించింది నీ సైకిల్. నడవాలో గోడకి ఆనించి ఉంచాను, రోజూ దుమ్ము తుడుస్తున్నాను.

సెప్టెంబర్లో ఎప్పుడైనా ఊరికే వచ్చి పో. నా నడుము ఊగుతోందో లేదో చూస్తే చూడు, లేకపోతే మీ బావతో కూర్చుని పేపరు చదువుకో. మా వీధికి వాలు లేదు.

అక్క


షాపు
సెప్టెంబర్ ఇరవై రెండు

అక్కకి,

క్షేమంగా చేరాను. నీ మరదలు నేను గుమ్మంలోకి రాగానే నా చేతులు చూసింది, మొహం కాదు. అరచేతులు ఎర్రగా కంది ఉన్నాయి. లోపలికెళ్ళి చాలాసేపు ఏదో పని ఉన్నట్టు ఉండిపోయింది.

నీ నడుము ఊగడం లేదు. సీటు సరిగ్గానే ఉంది. తుంటి లాగడం కొత్త వల్లే, నెలకి పోతుంది. ఈ సంగతి నాకు మీ ఇంటి ముందు నుంచి బయల్దేరిన వంద గజాల్లోనే తెలిసిపోయింది. తర్వాత నేను ఆ చిన్న సైకిల్ మీద వెనక నుంచి "సరిగ్గా కనబడలేదక్కా, ఇంకొంచెం ముందుకి పో" అని మూడు కిలోమీటర్లు అరుస్తూ ఉన్నానే, అది నీ నడుము కోసం కాదు.

దారిలో నువ్వు "వెనకాల ఏదో కీచుమంటోంది, బ్రేకు రబ్బరు చూసుకో" అన్నావు. రబ్బరులో తప్పేమీ లేదు. నేను నొక్కి పట్టుకునే తొక్కుతున్నాను. సగం బలం తొక్కడానికి, సగం ఆపుకోవడానికి. అంత కష్టపడి నేను ఏ పోటీలోనూ తొక్కలేదు. వెనక్కి వచ్చి ఇంటి ముందు దిగాక చూస్తే, కీచుమనే చప్పుడు లేదు. ఎప్పటినుంచో లేదు. ఎక్కడ ఆగిందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.

డాక్టరమ్మ గారికి అభ్యంతరం లేకపోతే ఆ గడిలో పేరు మార్పించు. ఈసారి నేనే అడుగుతున్నాను. వంతెన దగ్గర చిన్న వాలు ఉందని చెప్పారు ఆవిడ. అక్కడ దిగి నడిపిస్తానేమో. నడిస్తే నడుస్తాను.

నీ తమ్ముడు


కుట్టు గది
సెప్టెంబర్ ఇరవై ఏడు

చిన్నోడికి,

పేరు రాయించాను. డాక్టరమ్మ తన పేరు తనే సంతోషంగా కొట్టేసింది. శనివారం మరదలిని కూడా తీసుకుని రా.

నీ కీచు చప్పుడు ఆగిన చోటు: తపాలా ఆఫీసు దాటాక, మందుల షాపు రాకముందు. అక్కడ ఆగింది. నాకు వినబడింది. నేను ఆ తర్వాత ఇంటిదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నువ్వు మళ్ళీ బ్రేకు పట్టుకుంటావని.

నీ అక్క